బుల్లెట్ దించుతుంటే పౌడర్ కరకరమంటోంది, ఈ తూటాలు కాల్చొచ్చా?

ప్రశ్న: అన్నా, నేను టెక్సాస్‌లో ఉంటాను. .308 విన్‌చెస్టర్ రైఫిల్‌కి ఇంట్లోనే తూటాలు లోడ్ చేయడం ఈ మధ్యే మొదలుపెట్టాను. మిలిటరీ కేసులు (పౌడర్ పట్టే ఇత్తడి గొట్టాలు), 168 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) రాగి బుల్లెట్, హాడ్గ్‌డన్ కంపెనీ వర్గెట్ పౌడర్. పౌడర్ తూకం మాత్రం లోడింగ్ మాన్యువల్లో సీసం బుల్లెట్‌కి ఇచ్చిన గరిష్ఠం. బుల్లెట్‌ను కేసులోకి దించుతుంటే లోపల పౌడర్ కరకరమని నలుగుతోంది. రాత్రి 2.800 అంగుళాలున్న తూటా పొద్దున 2.815 చూపిస్తోంది. 20 తయారయ్యాయి. శనివారం రేంజ్‌కి తీసుకెళ్లొచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఒక్కటి కూడా కాల్చకు. కరకర వినిపించినంత మాత్రాన ప్రమాదమని కాదు. హాడ్గ్‌డన్ పట్టికల్లో తూకం పక్కన ‘సి’ అని ఉంటే అది నొక్కుడు లోడే, అంటే బుల్లెట్ పౌడర్‌ను నొక్కేలా ఉన్న లోడ్, పరీక్షించి ఇచ్చినదే. నీ లెక్క అది కాదు. రాగి సీసం కన్నా తేలిక, కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది, కేసులోకి ఎక్కువ దిగుతుంది. పైగా మిలిటరీ కేసు గోడలు సాధారణంగా మందం, లోపల చోటు తక్కువ. రెండూ కలిసి పీడనాన్ని పెంచుతాయి. .308కి పీడన పరిమితి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). నీ తూటా ఎంత దాకా వెళ్తుందో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆ కలయికను ఎవరూ పరీక్షించలేదు.

ఆ 0.015 అంగుళం ఇంకా భయపెడుతోంది. నలిగిన పౌడర్ బుల్లెట్‌ను పైకి నెడుతోంది. తూటా గరిష్ఠ పొడవు 2.810 అంగుళాలు, అదీ దాటేసింది. బుల్లెట్ ముందే బారెల్ లోపలి గాడులకు ఆనుకుంటే పీడనం ఇంకా ఎగబాకుతుంది. కాల్చకుండా బయటికి లాగితే బుల్లెట్ బారెల్లోనే ఇరుక్కుని, పౌడర్ బోల్ట్ నిండా ఒలికిపోవచ్చు. గట్టిగా క్రింప్ చేస్తే (కేసు మూతిని బుల్లెట్ చుట్టూ బిగిస్తే) ఆగుతుందిగా అనుకోకు, తూకం తప్పయితే క్రింప్ దాన్ని సరిచేయదు.

ప్రశ్న: 20 తూటాలూ పుల్లర్‌తో (బుల్లెట్‌ను బయటికి లాగే పనిముట్టు) విప్పేశానన్నా. బుల్లెట్ ముక్కుల మీద సీటింగ్ స్టెమ్ (బుల్లెట్‌ను కేసులోకి నొక్కే కడ్డీ) గుండ్రంగా అచ్చు పడింది. రెండు కేసుల భుజం దగ్గర కాస్త ఉబ్బింది. ఈ పౌడర్‌ను తిరిగి డబ్బాలో పోసేయనా?

జవాబు: పోయకు. విరిగిన గింజలకు మండే ఉపరితలం ఎక్కువ, త్వరగా మండుతాయి. ఆ పౌడర్ పారేయి. ఉబ్బిన రెండు కేసులూ అంతే. ఆ రాగి బుల్లెట్‌కి దాని తయారీదారు ఇచ్చిన లోడింగ్ లెక్కే తీసుకో, ప్రారంభ తూకం నుంచి మొదలుపెట్టు. మిలిటరీ కేసులు పక్కన పెట్టి, లెక్కలో చెప్పిన కేసులే వాడు. ఐదు చేసి, ఒక రాత్రి ఉంచి, పొద్దున కాలిపర్‌తో (పొడవు కొలిచే పనిముట్టు) మళ్లీ కొలువు.