వాయె రెబో కొండ మీదికి మోటారు రోడ్డు వేయాలా, వద్దా?

కొండదారి (చర్చ ప్రారంభం):

ఇండొనేసియాలోని ఫ్లోరెస్ దీవిలో, పడమటి వైపున ఉన్న మాంగరాయ్ జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 1,100 మీటర్ల ఎత్తున అడవి చుట్టుముట్టిన ఒక పల్లంలో వాయె రెబో అనే చిన్న ఊరుంది. 'వాయె' అంటే అక్కడి భాషలో నీరు. కప్పు దాదాపు నేలను తాకేంతగా దిగిన ఏడు పెద్ద చుట్టిళ్లు, వాటి ముందు 'చొంపాంగ్' అనే గుండ్రటి రాతి అరుగు, చుట్టుపక్కల కాఫీ తోటలు ఈ ఊరికి గుర్తులు. కొండ దిగువన డెంగే అనే ఊరి వైపు నుంచి అడవిదారిన రెండు మూడు గంటలు ఎక్కితే గాని అక్కడికి చేరలేము. దీవి పడమటి కొసనున్న రేవు పట్టణం లాబువాన్ బాజోను ప్రభుత్వం అత్యంత ప్రాధాన్యమున్న అయిదు పర్యాటక కేంద్రాల్లో చేర్చిన తరువాత, కొమోడో బల్లులను చూడవచ్చినవారు ఇటు కూడా మళ్లుతున్నారు. ఈ నడకను తప్పించి ఊరి ముంగిటి దాకా రోడ్డు వేస్తే మేలా, కీడా అన్నది ప్రశ్న. కీడేనని నా అభిప్రాయం. ఆ ఊరిని ఇన్నాళ్లూ కాపాడింది ఆ నడకే. అది పోతే ఉదయం వచ్చి ఫొటోలు తీసుకొని మధ్యాహ్నానికి వెళ్లిపోయే జనంతో ఆ చిన్న వాకిలి నిండిపోతుంది.

మెట్టసేద్యం:

కొండదారి గారూ, మీ వాదనకు పునాది అయిన "కాపాడింది నడకే" అన్న మాటతోనే నాకు పేచీ. 2008లో యోరి అంతార్ అనే వాస్తుశిల్పి తన మిత్రులతో కలిసి ఆ కొండ ఎక్కినప్పుడు ఏడు ఇళ్లలో మిగిలినవి నాలుగే, వాటిలోనూ కొన్ని శిథిలావస్థలో ఉన్నాయి. అప్పటికి రోడ్డు లేదు, పర్యాటకులూ అంతంతమాత్రమే. అయినా ఇళ్లు కూలాయి. ఎందుకంటే అంత పెద్ద ఇంటిని తిరిగి కట్టడానికి కావలసిన కలప, పేము తాడు, మనుషులు, డబ్బు ఆ ఊరి వారికి ఒక్కసారిగా సమకూరలేదు. తరువాత బయటి నుంచి విరాళాలు వచ్చాయి, ఊరి పెద్దలు తమకు తెలిసిన పనిని తామే చేశారు, 2011 నాటికి ఏడూ నిలబడ్డాయి. మరుసటి ఏడాది ఆ పనికి యునెస్కో వారి ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో అత్యున్నతమైనది దక్కింది. ఒంటరితనం కూల్చినదాన్ని బయటి సంబంధం నిలబెట్టిందని నాకు అర్థమవుతున్నది.

ఇక నడక సంగతి. నేను అక్కడ ఒక రాత్రి ఉన్నాను. తెల్లవారి దిగివస్తుంటే, దారి మలుపులో నాకంటే ముందు బయలుదేరిన ఒక పెద్దావిడ బస్తాను రాతి మీద ఆనించి నిలబడింది. బస్తాలో కాఫీ గింజలు. నా వీపు మీది సంచిలో ఉన్నవి ఒక దుప్పటి, కెమెరా. అయినా ఆయాసంతో మాట రాని స్థితిలో ఉన్నది నేను. ఆమె నన్ను చూసి నవ్వి, చుట్టకుదురు సవరించుకొని, బస్తా తలకెత్తుకొని బురదలో జారకుండా వేళ్లు నొక్కిపెట్టి దిగిపోయింది. అదే దారిన బియ్యం, ఉప్పు పైకి రావాలి. జబ్బుపడినవారిని అదే దారిన మోసుకొని దిగాలి. ఆ దారి మనకు ఒక్కరోజు అనుభవం, వారికి రోజువారీ కూలి లేని పని.

సందేహి:

చిన్న వివరం. డెంగే నుంచి వాయె లోంబా అనే ఏటి దాకా ఇప్పటికే బాట వేశారు. అంతవరకు అద్దె మోటారు సైకిళ్లు తీసుకువెళుతున్నాయి. అంటే మనం వాదించుకుంటున్నది మిగిలిన దారి గురించి మాత్రమే. ఇంతవరకు వచ్చిన బాట వల్ల ఏ ఇల్లు కూలింది?

ఇంటిపని:

గృహనిర్మాణం నా వృత్తి కనుక ఇళ్ల గురించే రాస్తాను. మ్బారు నియాంగ్ అని పిలిచే ఈ ఇంట్లో అయిదు అంతస్తులుంటాయి. నేల అంతస్తులో కుటుంబాలు ఉంటాయి. ప్రధాన గృహంలో ఎనిమిది, మిగిలిన వాటిలో ఆరేసి కుటుంబాలకు చోటు. పైన తిండిగింజలకు, విత్తనాలకు, కరువు కాలపు నిల్వకు, అన్నింటికన్నా పైన పూర్వీకులకు పెట్టే నైవేద్యానికి ఒక్కో అటక. మేకులు వాడరు, పేముతో బిగిస్తారు. మధ్యలో పొయ్యి రాజుకుంటుంది, పొగ అటకల గుండా పైకి పాకి కప్పులోకి ఇంకుతుంది. చూసేవారికి కళ్లు మండుతాయి గాని, కప్పులోని గడ్డికి, కొయ్యకు పురుగు పట్టకుండా చూసేది ఆ పొగే. ఇంట్లో వంట మానేస్తే ఇంటి ఆయుష్షు తగ్గుతుంది.

నా భయం పర్యాటకుల గురించి కాదు, సిమెంటు బస్తాల గురించి, రేకుల గురించి. మాంగరాయ్‌లో రోడ్డు పక్కనున్న ఊళ్లలో ఇప్పుడు కనిపించేవి ఎక్కువగా రేకుల ఇళ్లే. తలమీద మోయలేని సరుకు లారీలో సులువుగా వస్తుంది. కప్పు పాడైనప్పుడు అడవికి వెళ్లి గడ్డి కోసే ఇరవై మందిని కూడగట్టడం కన్నా ఒక దఫా రేకులు దింపుకోవడం తేలిక, చౌక కూడా. అలా చేసినవారిని నేను తప్పుపట్టను. అయితే దాని ఫలితం ఏమిటో ముందే తెలిసి ఒప్పుకోవాలి. మెట్టసేద్యం గారు చెప్పిన 2008 నాటి శిథిలావస్థకు, రేకుల కప్పుకు ఒక తేడా ఉంది: శిథిలమైన ఇంటిని తిరిగి కట్టే నేర్పు ఊరి పెద్దల చేతుల్లో ఇంకా మిగిలే ఉంది, రేకులు వచ్చిన ఒక తరం తరువాత ఆ నేర్పు ఉండదు.

కొండదారి:

నడక గురించి నేను రాసిన మాట సరికాదని ఒప్పుకుంటున్నాను. నాలుగే ఇళ్లు మిగిలాయన్న విషయం తెలిసి కూడా నా వాదనలో దానికి చోటివ్వలేదు. అయితే నిర్ణయం ఎవరిదన్న దాన్ని ఇక్కడ ఎవరూ ముట్టుకోలేదు. 2014 నాటి 6వ నంబరు గ్రామ చట్టం వచ్చిన తరువాత ఇండొనేసియాలో ప్రతి 'దేశా'కు, అంటే ప్రభుత్వం గుర్తించిన గ్రామ పాలనా విభాగానికి, కేంద్రం నుంచి నేరుగా నిధులు వస్తున్నాయి. రోడ్లు, కాలువలు ఎక్కువగా వాటితోనే వేస్తున్నారు. కాని వాయె రెబో తనంతట తాను దేశా కాదు, సతార్ లెండా అనే దేశాలో ఒక భాగం. చట్టం గుర్తించే గ్రామాధిపతి వేరు, ఊరి వారు మాట వినే 'తువా గోలో' అనే సంప్రదాయ పెద్ద వేరు. మాంగరాయ్ వారికి "డోలు ఇల్లు లోపల, పొలం వెలుపల" అనే అర్థం వచ్చే సామెత ఉంది. పూజా డోళ్లు వేలాడే ప్రధాన గృహాన్ని, దాని కిందికి వచ్చే భూమిని విడదీయరాదని దాని భావం. రోడ్డు పడేది ఆ భూమి మీద. దాని మీద తీర్మానం రాసే కాగితంలో ఆ డోలు ఇంటికి చోటుందా?

మెట్టసేద్యం:

ప్రశ్న సరైనదే, కాని అది రెండు వైపులా పదునైనది. ఆ డోలు ఇంట్లోకి అడుగుపెట్టగానే పెద్దాయన పూర్వీకులకు మా రాక విన్నవించి, ఇక మీరు ఈ ఊరి బిడ్డలే అన్నారు. అంతకు ముందు ఫొటో తీయడానికి వీల్లేదు. ఆ మర్యాదను నేను తేలిగ్గా తీసుకోను. అలా బిడ్డనైన నేను మరునాడు దిగి వచ్చేశాను, వారి సొంత బిడ్డలేమో బడి కోసం కింద కోంబో అనే ఊళ్లో ఉంటున్నారు. పెద్దలు రోడ్డు వద్దంటే వద్దు. కావాలన్నప్పుడు మాత్రం, ఇంటిపని గారు చెప్పిన రేకుల భయం చూపి మనం అడ్డుపడకూడదు. గడ్డి కోతకు ఇరవై మంది దొరకని నాడు అతిథుల రుసుములోంచి వారికి కూలి కట్టే ఏర్పాటు చేసుకుంటారా అన్నది కూడా వారు తేల్చుకోవలసిన లెక్క.

సందేహి:

లెక్కల్లో ఒకటి మరిచారు. వానాకాలంలో ఆ కొండచరియ మీద వేసిన రోడ్డును ఏటా బాగుచేయించేది ఎవరు?