డీజిల్ అయిపోయి ఆగిన ఇంజను: కొత్త ఫిల్టరును నింపి బిగించాలా, ఖాళీగానా?

దుక్కిమనిషి: ట్యాంకు అడుగంటి ట్రాక్టరు ఆగిపోయింది. డీజిల్ పోసి, పనిలో పనిగా ఫిల్టరు మార్చాను. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు, పొగ కూడా లేదు. పాత రకం డీజిల్ పంపు. ఫిల్టరును ఖాళీగా బిగించడమే కారణమా?

పాతపంపు: అదే. నింపి బిగిస్తే సగం పని తప్పేది. పొగ లేదంటే నాజిళ్ల (ఇంజనులోకి డీజిల్ చిమ్మేవి) దాకా డీజిల్ చేరలేదు. పైపులో గాలి ఉంటే పంపు తోసిన తోపంతా ఆ గాలిని కుదించడానికే సరిపోతుంది. ఈ రకం నాజిళ్లు 200 బార్ అటూ ఇటూ ఒత్తిడి వస్తేగానీ తెరుచుకోవు. ఫిల్టరు మీద గాలి వదిలే స్క్రూ వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే లీవరు) కొట్టండి. నురగ పోయి ధార వచ్చాక, కొడుతూనే స్క్రూ బిగించండి. తర్వాత పంపు మీది స్క్రూ. చివరగా నాజిళ్ల దగ్గర నట్లు కాస్త వదిలి సెల్ఫ్ కొట్టండి. ఒక్కో విడతకు 15 సెకన్లు మించవద్దు, మధ్యలో చల్లారనివ్వండి.

స్పానర్_14: నింపి బిగించమనే సలహా వినకండి. డబ్బాలోంచి పోసేది వడకట్టని డీజిల్. ఫిల్టరు మధ్య రంధ్రంలో పోస్తే మట్టితో సహా నేరుగా పంపులోకే. పంపులో డీజిల్‌ను తోసే ప్లంజరు చుట్టూ ఉండే సందు కొద్ది మైక్రాన్లే.

పాతపంపు: మధ్యలో పోయమని ఎవరన్నారు? చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లో పోస్తారు.

స్పానర్_14: ఆ ముక్క మీరు రాయలేదుగా!

గట్టుమీద: గాలిగొట్టంలో ఈథర్ (ఇట్టే అంటుకునే స్ప్రే) కొట్టండి, చిటికెలో అంటుకుంటుంది.

పాతపంపు: నాజిల్‌కు డీజిలే రానప్పుడు ఈథర్‌తో ఏం నడుస్తుంది? రెండుసార్లు దగ్గి ఆగుతుంది. గ్లో ప్లగ్గులు (సిలిండరును ముందే వేడెక్కించేవి) ఎర్రగా కాగి ఉంటే ఈథర్ పేలిపోవచ్చు.

దుక్కిమనిషి: ప్రైమర్ లీవరు మెత్తగా పోతోంది. డీజిల్ రావడం లేదు.

చిన్నమాట: ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) దాన్ని నడిపే క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది. ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి.

స్పానర్_14: నాజిల్ నట్లు వదలమన్నారు. అది చదివి కామన్ రైల్ (కొత్త రకం, అధిక ఒత్తిడి) బండి ఉన్నవారు కూడా వదిలితే? అక్కడ ఒత్తిడి 1000 బార్ దాటుతుంది, డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

పాతపంపు: పాత పంపని ఆయన ముందే రాశారు. అడగనిదానికి జవాబు చెప్పి భయపెట్టడం మెకానిక్కులకు బాగా అలవాటు.

స్పానర్_14: భయపెట్టడమా? స్క్రూ తలలు అరగదీసి, రాగి వాషర్లు నలిపేసి, "మేమేమీ ముట్టుకోలేదు" అంటూ నా దగ్గరకే తెస్తారు. ఆ అబద్ధం విప్పడానికే పూట గడిచిపోతుంది. ఆ కూలి ఎవరూ ఇవ్వరు.

పాతపంపు: నా కథ కూడా వినండి. ఇంజనుకు పదే పదే గాలి పడుతోందంటే ఒక మెకానిక్ పంపే మార్పించాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే జబ్బు. తీరా చూస్తే ట్యాంకు నుంచి వచ్చే పైపు వాషర్! అది పీల్చే వైపు కనుక చుక్క డీజిల్ కారదు, గాలి మాత్రం లోపలికి వస్తుంది. అప్పటి నుంచి నా ఇంజను మీద ఎవరి చేయీ పడనివ్వను. ఫిల్టరు నింపాలా వద్దా అన్నది నాకు అంత పట్టింపు కాదు. "మీరు ముట్టుకోకండి" అనే ఆ మాటే ఒళ్లు మండిస్తుంది.

స్పానర్_14: ముట్టుకోవద్దనడం లేదు. ముట్టుకున్నామని చెప్పండి, చాలు. ఆ మెకానిక్ చేసినదానికి నన్నెందుకు అంటారు? నేనైతే ముందు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పారదర్శక పైపు పెట్టి బుడగలు చూసేవాణ్ణి.

దుక్కిమనిషి: ఒక చుట్టు తిప్పాక లీవరు బిగిసింది. నాజిళ్ల దగ్గర డీజిల్ వచ్చింది, నట్లు బిగించాను, ఇంజను కుదుపుతో మొదలై సర్దుకుంది. కానీ ఆపి కాసేపాగి కొడితే మళ్లీ మొండికేసింది.

స్పానర్_14: పారదర్శక పైపు పెట్టండి.

పాతపంపు: ముందు వాషర్ మార్చండి. పైపు సంగతి తర్వాత.