అమెరికాలో పుట్టిన బాబు జాతకం: గంట తీసెయ్యాలా, వద్దా?

బ్రాడీపేట, గుంటూరు:
మనవడు 2018 జులై 10న డాలస్‌లో పుట్టాడు. బర్త్ సర్టిఫికెట్‌లో ఉదయం 6:20 అని ఉంది. నక్షత్రం రోహిణి అని అందరూ ఒప్పుకుంటున్నారు. లగ్నం, అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి, దాని దగ్గరే పేచీ. ఇక్కడ కంప్యూటర్ జాతకంలో మిథునం వచ్చింది, ఫోన్ యాప్‌లో కర్కాటకం, విజయవాడలో వేయించిన దాంట్లో వృశ్చికం. ఎండాకాలం అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి 5:20 అని ఇవ్వాలంటున్నారు. ఏది సరైనదండీ?

పటమట:
మిథునమే. కానీ మిథునం వచ్చిందని ఆ కాగితం మొత్తం సరైనదే అనుకోకండి.

జులైలో డాలస్ గ్రీన్‌విచ్‌కు 5 గంటలు వెనుక, చలికాలంలో 6 గంటలు. 6:20 ఉన్నది ఉన్నట్టు ఇచ్చి, సాఫ్ట్‌వేర్‌లో టైమ్ జోన్ గడిలో 5 పశ్చిమం (గ్రీన్‌విచ్‌కు 5 గంటలు వెనుక) ఉందో లేదో చూడండి. అక్కడ 6 ఉంటేనే 5:20 ఇవ్వాలి. రెండింట్లో ఏదో ఒక్కటే చెయ్యాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను గంట తీసేస్తుంటే మనమూ ఇంకో గంట తీస్తాం, అసలు చిక్కు అదే.

యాప్ 6:20ని 6 పశ్చిమంతో లెక్కేసి ఉంటుంది, అందుకే కర్కాటకం. విజయవాడవారు భారత కాలంలోకి మార్చి సాయంత్రం 4:50 తీసుకున్నారు. మార్పిడి సరైనదే, కానీ ఊరు కూడా విజయవాడే పెట్టినట్టున్నారు. నక్షత్రం ఎక్కడి నుంచి చూసినా ఒకటే. లగ్నం మాత్రం పుట్టిన ఊరి అక్షాంశ రేఖాంశాలతోనే కట్టాలి.

సరిచూసుకోవడం తేలిక. ఆ రోజు డాలస్‌లో సూర్యోదయం దాదాపు 6:26. సూర్యోదయం వేళ లగ్నం రవి ఉన్నచోటే ఉంటుంది. రవి మిథునంలో 24వ డిగ్రీ దగ్గర ఉన్నాడు. మీ కాగితంలో లగ్నం ఇరవై దాటి ఉంటే సరే, పది దగ్గర ఉంటే గంట రెండుసార్లు తీసేశారన్నమాట.

బ్రాడీపేట, గుంటూరు:
చూశానండి, 10 డిగ్రీలే ఉంది! లగ్నం మారలేదు కదా, అలాగే ఉంచేస్తే?

పటమట:
వద్దండి. దశాశేషం, అంటే పుట్టినప్పుడు నడుస్తున్న దశలో ఇంకా మిగిలిన కాలం, తప్పుతుంది. చంద్రుడు నక్షత్రంలో ఎంత దూరం నడిచాడన్నదాన్ని బట్టే అది కడతారు. చంద్రుడు గంటకు అర డిగ్రీకి కాస్త ఎక్కువే నడుస్తాడు, ఒక్కో నక్షత్రం 13 డిగ్రీల 20 కళలు (60 కళలు ఒక డిగ్రీ). రోహిణికి పదేళ్ల చంద్రదశ కాబట్టి గంట తేడాకి ఐదారు నెలలు జరుగుతుంది. ఇరవయ్యేళ్ల శుక్రదశ అయితే ఏడాదికి దగ్గరపడుతుంది. నవాంశ (రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రం) లగ్నం సంగతి సరేసరి, అది పదిహేను నిమిషాలకోసారి మారుతుంది.

సత్యనారాయణపురం:
ఇంకో మాట. 2007 నుంచి అమెరికాలో ఈ గంట ముందుకు జరపడం మార్చి రెండో ఆదివారం మొదలై నవంబరు మొదటి ఆదివారం ముగుస్తోంది. 1987 నుంచి 2006 దాకా ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకే. ఇప్పుడు సంబంధాలు చూస్తున్న పిల్లల్లో 2007కు ముందు పుట్టినవాళ్లే ఎక్కువ. మార్చి నెలాఖరులో పుట్టి ఉంటే తప్పక సరిచూడండి. ఫీనిక్స్‌లో గంట మార్పే లేదు. ఇండియానాలో చాలా జిల్లాలు 2006లోనే మొదలుపెట్టాయి.

నవంబరులో గడియారం వెనక్కి తిప్పే రాత్రి 1 నుంచి 2 దాకా గంట రెండుసార్లు వస్తుంది. సర్టిఫికెట్‌లో 1:40 అంటే మొదటిదో రెండోదో తెలియదు. కవలల్లో పెద్దవాడు 1:55కి, చిన్నవాడు పది నిమిషాల తర్వాత 1:05కి పుట్టినట్టు పడొచ్చు. ఆసుపత్రి ప్రసవ రికార్డులో కాలమానం రాసి ఉందేమో అడగాలి. లేకపోతే రెండు వేళలకూ రెండు జాతకచక్రాలు వేసి ఉంచుకోవడమే.

అరండల్‌పేట, గుంటూరు:
ఈ గంట గొడవ మన ఊళ్లోనూ ఉంది. యుద్ధకాలంలో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు మధ్య దాకా మన గడియారాలు కూడా గంట ముందుకు నడిచాయి, అంటే గ్రీన్‌విచ్‌కు ఆరున్నర గంటలు ముందు. ఆ ఏళ్లలో పుట్టిన తాతలకు, నాయనమ్మలకు పాత తాటాకు జాతకానికీ కంప్యూటర్ జాతకానికీ లగ్నం కలవకపోతే ముందు ఇది చూడండి. అయితే అప్పట్లో ఇళ్లలో ఘడియలు, విఘడియలు సూర్యోదయం నుంచి లెక్కపెట్టి రాసినవైతే గంట తీసే పని లేదు. గడియారం చూసి రాసిన వేళకే ఈ దిద్దుబాటు.