సమస్య: చెట్టు మీద మేడ చేరి నిలిచె

కవిమిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం; ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి. ఊరి బొమ్మ గీయడమే విషయం కావాలి. పాత గోడలో మొలిచిన రావిచెట్టు కథలు వద్దు.

పూరణ 1

క్రింద వేసె చెట్టు, గీసె నా పైభాగ
మందు దవ్వులోని మందిరమును
చిత్రకారు డిట్లు చేయగా వింతయే
చెట్టు మీద మేడ చేరి నిలిచె

సమీక్ష: దూరపు వస్తువును పైభాగాన చూపడం మన సూక్ష్మచిత్రాల (మినియేచర్ల) పద్ధతి కూడా. "పైభాగ / మందు" అని పాదం విరిచి యతి నిలపడం బాగుంది. ద్రుతం (పదం చివరి నకారం) మీద పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కనుక "వేసెఁ జెట్టు" అని సవరించండి.

పూరణ 2

కొండ నెక్కి గీయఁ గూర్చుంటి బెజవాడ
నెదుట రావి కొమ్మ, యెగువ వీధి
కన్ను మోసపోయెఁ గాగితమ్మున నేడు
చెట్టు మీద మేడ చేరి నిలిచె

సమీక్ష: బెజవాడలోని గాంధీ హిల్ ఎక్కినవారికి ఈ పద్యం వెంటనే కళ్లకు కడుతుంది. ఎత్తున కూర్చుంటే దిగంతరేఖ (నేలా ఆకాశమూ కలిసినట్టు కనిపించే గీత) కాగితంలో పైకి జరుగుతుంది. డాబాలు, వాటి మీది నీళ్ల ట్యాంకులు కొమ్మలపైకి వస్తాయి. కానీ మూడు పాదాల్లో వీధి ఉంది, మేడ లేదు. పైగా కన్నేమీ మోసపోలేదు. మేడకూ కొమ్మకూ నడుమ ఉన్న దూరాన్ని కుంచె చెప్పలేదు, అంతే. దూరపు గోడకు రంగు పలుచన చేసి, కాస్త నీలం కలిపి, అంచులు మెత్తబరిస్తే మేడ వెనక్కి వెళ్తుంది.

వ్యాఖ్య: దూరమైనదల్లా పాలిపోవాలా అండీ? డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1660–61 ప్రాంతంలో వేసిన డెల్ఫ్ట్ పట్టణ చిత్రంలో ముందరి గోడలు మబ్బు నీడలో ఉంటే, వెనుక కప్పులూ చర్చి శిఖరమూ ఎండలో మెరుస్తాయి.

సమీక్ష: నిజమే. అక్కడ దూరాన్ని చెప్పేది ఎండానీడల తేడా. ఈ పద్యంలో రెండూ లేవు.

పూరణ 3

నూనె రంగుతోడ నున్నగాఁ దరువును
వేసి, యారినంత, వేరు తలపు
కలుగ, దానిపైన ఘనమైన పూతలో
చెట్టు మీద మేడ చేరి నిలిచె

సమీక్ష: నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ ఇది. అసాధ్యాన్ని చూపు మీదికి నెట్టకుండా రంగు పొరల్లోనే నిజం చేశారు. నీటిరంగుల్లో ఇది కుదరదు, అడుగు చెట్టు పైకి కనిపిస్తూనే ఉంటుంది. "ఆరినంత" అనడంలో పనితనం తెలిసిన చెయ్యి ఉంది. తడి ఆకుపచ్చ మీద తెల్లగోడ పూస్తే రెండూ కలిసి మురికిబారుతాయి. నూనెరంగుల్లో అడుగు పొర పలుచగా, పై పొర మందంగా ఉండాలి. అందుకే మొదటి పాదంలో "నున్నగా", మూడో పాదంలో "ఘనమైన" చక్కగా అమరాయి.