కొండ అరిగిపోతుంటే పైకి ఎలా లేస్తుంది?

భూగర్భశాస్త్రం తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. వారం రోజులుగా ఈ ఒక్క విషయం దగ్గరే ఇరుక్కుపోయాను.

వాన, మంచు, నది కలిసి కొండను అరగదీస్తాయన్నది సులువుగానే అర్థమైంది. రాతి పగుల్లోకి చేరిన నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి రాయిని చీలుస్తుంది, ఆ ముక్కల్ని ఏరు దొర్లించుకుపోతుంది. అంతవరకూ ఓకే. కానీ పైన బరువు తగ్గినకొద్దీ కొండ పైకి తేలుతుందని చదివాను. నమ్మకం కుదరక బకెట్ నీళ్లలో చెక్కదిమ్మ వేసి చూశాను. పైభాగం కోసేసి మళ్లీ వేస్తే, ఇందాక మునిగి ఉన్న తడి అంచు నీటిపైకి వచ్చింది! నిజమేనన్నమాట.

సరే, లెక్క వేశాను. పైపొర రాయి సాంద్రత 2.7 (ఘన సెం.మీ.కి గ్రాముల్లో), అది తేలుతున్న మాంటిల్ (కింది బరువైన రాతిపొర) ది 3.3 అనుకుంటే, 100 మీటర్లు అరిగినప్పుడు దాదాపు 82 మీటర్లు పైకి లేవాలి. అంటే ఎత్తు తగ్గేది 18 మీటర్లేనా? ఎక్కడైనా తప్పు చేశానా?

అసలు తికమక ఇక్కడ. నది లోయను మాత్రమే లోతుగా కోసి శిఖరాలను వదిలేస్తే, ఆ శిఖరాలు ముందుకంటే ఎత్తవుతాయా? హిమాలయాల్లో ఇది ఎంతోకొంత జరుగుతోందా, లేక ఆ ఎత్తంతా భూఫలకాలు (భూమి పైపొరలోని పెద్ద పెద్ద పలకలు) ఢీకొనడం వల్లేనా? ఉత్తర ఐరోపాలోని స్కాండినేవియాలో మంచుపలకలు కరిగి, వాటి బరువు పోయి వేల ఏళ్లయినా నేల ఇంకా లేస్తూనే ఉంది. మరి కొండ విషయంలో ఈ లేవడం కోతతోపాటే సాగుతుందా, వెనకబడుతుందా?

ఫార్ములాలు పెట్టినా ఫర్వాలేదు, కాస్త నిదానంగా విడమరిచి చెప్పండి.