వెల్డింగ్ అయ్యాక గంట కాపలా: ఆ కూలి ఎవరి నెత్తిన?

రాడ్డు_రేణిగుంట:
అందరికీ నమస్కారం. రేణిగుంట, గాజులమండ్యం చుట్టుపక్కల ఫ్యాబ్రికేషన్ పనులు చేస్తుంటాను. నేను, ఇద్దరు వెల్డర్లు, ఒక హెల్పర్, ఒక డొక్కు ట్రాలీ ఆటో. 22 ఏళ్లుగా ఇదే బతుకు. మొన్న చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని పడింది. తోతాపురి కాయ దిగేలోపు లైను సిద్ధం చేసుకోవాలని వాళ్ల తొందర. కన్వేయర్ కింద రెండు బ్రాకెట్లు అతకాలి, రెండంటే రెండే, కూర్చుంటే పది నిమిషాలు. దానికి హాట్ వర్క్ పర్మిట్ అని, నిప్పు పనికి అనుమతి ఇచ్చే ఒక కాగితం, దాని మీద మూడు సంతకాలు, మూడో సంతకం పెట్టాల్సిన సారు భోజనానికి పోతే ఆయన కోసం ముప్పావు గంట. సరే, పెద్ద ఫ్యాక్టరీ, వాళ్ల పద్ధతులు వాళ్లవి అనుకున్నాను. పని అయిపోయి కేబుల్ చుట్టుకుంటుంటే, ఆగండి, మీ మనిషి ఒకడు గంటసేపు ఇక్కడే ఉండాలి, ఫైర్ వాచ్, అంటే నిప్పు కాపలా అన్నారు. ఫోన్ చూడకూడదట, ఇంకో పని ముట్టుకోకూడదట, ఊరికే ఆ మూల వైపు చూస్తూ నిలబడాలట. మరి ఆ గంటకు డబ్బులు అంటే, మీ రేటులోనే కలిపి ఉంటారు కదా అన్నారు. ఎక్కడ కలిపాను? బ్రాకెట్‌కు ఇంత అని మాట్లాడుకున్నాం గానీ నిలబడటానికి ఇంత అని మాట్లాడుకోలేదు.

నా మాట చెప్పేస్తాను, తిట్టాలనుకున్నవాళ్లు తిట్టండి. ఇదంతా కాగితం కోసం. నిప్పు అంటుకునేదైతే అప్పుడే అంటుకుంటుంది, గంట ఆగి ముహూర్తం చూసుకుని అంటుకోదు. మీరేమంటారు?

గ్రానైట్_మామ:
నూటికి నూరుపాళ్లు నిజం. మాది పాలిషింగ్ యూనిట్. ఎటు చూసినా రాయి, నీళ్లు, బురద. రాయి అంటుకుంటుందా సామీ? ఎవరో వచ్చి అడుగుతారని పర్మిట్ పుస్తకం ప్రింట్ చేయించి పెట్టాను. నెలాఖరున మా సూపర్వైజర్ ఒకే పెన్నుతో, ఒకే కూర్చోడంలో మొత్తం నింపేస్తాడు. అందరూ హ్యాపీ.

సేఫ్టీ_సత్యవేడు:
మామా, ఆ ఒకే పెన్ను సంగతి మీరే బయట పెట్టుకున్నారు, ఏదన్నా జరిగితే మీ మీదికి వచ్చే మొదటి సాక్ష్యం అదే. దాన్ని పక్కన పెడతాను.

రేణిగుంట అన్నా, నిప్పు గంట ఆగి అంటుకోదు అన్నారు కదా, మీ ఊళ్లో దాలి గుంట చూసే ఉంటారు. పిడకలు పేర్చి నిప్పు వేసి పాలకుండ పెడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాలు ఎర్రగా కాగుతూనే ఉంటాయి. మంట కనిపిస్తుందా? కనపడదు. లోపల్లోపల కుములుతూ ఉంటుంది. మీ రాడ్డు నుంచి రాలే రవ్వ అంటే ఏమిటి, కరిగిన ఇనుము బొట్టు. అది సిమెంటు గచ్చు మీద పడితే రెండు గంతులు వేసి చల్లారిపోతుంది. అదే అట్టపెట్టెల సందులోనో, నూనె తుడిచిన కాటన్ వేస్టులోనో, రంపపు పొట్టులోనో, మామిడికాయల కింద పరిచే వరిగడ్డిలోనో దూరిందంటే అక్కడ దాలి గుంట తయారైనట్టే. మీరు సామాను సర్దుకుని, టీ తాగి, ఆటో ఎక్కి పూతలపట్టు దాటాక గాలి తగిలి మంట లేస్తుంది. అప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. ఆ గంట దానికోసం.

ఇది ఎవడో గాల్లోంచి తీసిన లెక్క కూడా కాదు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా రూలు ప్రకారం పని అయ్యాక కనీసం అరగంట కాపలా. అక్కడే అగ్నిప్రమాదాల నివారణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ రాసిన 51బీ అనే ప్రమాణంలోనూ చాలాకాలం అరగంటే ఉండేది, 2019 ఎడిషన్‌లో దాన్ని గంటకు పెంచారు. అరగంట చాలడం లేదనే కదా పెంచింది.

రాడ్డు_రేణిగుంట:
దాలి మాటకు నోరు మూసుకున్నాను, మా అవ్వ గుర్తొచ్చింది. కానీ అన్నా, అమెరికా రూలు తెచ్చి గాజులమండ్యం షెడ్డుకు తగిలిస్తే ఎట్లా? చుట్టూ 35 అడుగుల్లో, అంటే దాదాపు 11 మీటర్లలో, కాలే వస్తువు ఏదీ ఉండకూడదట. మన షెడ్ల వెడల్పే 30 అడుగులు ఉంటుంది. ఆ లెక్కన నేను లోపల వెల్డింగ్ చేస్తే పక్కవాడు వాడి షెడ్డు ఖాళీ చేయాలి.

సేఫ్టీ_సత్యవేడు:
జరపగలిగింది జరపమన్నారు, జరపలేనిదాన్ని కప్పమన్నారు. ఫైర్ బ్లాంకెట్ లేకపోతే ఇనుప రేకు అడ్డం పెట్టు, నేల తడుపు, గోడకూ నేలకూ ఉన్న కన్నాలు మూసెయ్. ఎత్తు మీద పని చేస్తుంటే మాత్రం 11 మీటర్లు కూడా చాలదు, రవ్వ కింద పడి ఎగిరి ఎక్కడికో పోతుంది. ఇక అమెరికా అంటారా, మనకూ ఉంది. వెల్డింగ్, కటింగ్ పనుల్లో అగ్నిప్రమాద జాగ్రత్తల మీదే ఐఎస్ 3016 అని భారతీయ ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. చదివినవాడు లేడు, అంతే. 2024 మే 25న రాజ్‌కోట్ గేమింగ్ జోన్ గుర్తుందా? వెల్డింగ్ జరుగుతున్నచోట రవ్వలు కింద పడటం సీసీ కెమెరాలో అందరం చూశాం. 27 మంది పోయారు. అది అమెరికా కాదు.

కోల్డ్‌రూమ్_కుర్రోడు:
చాలా రోజులుగా ఊరికే చదివి పోతుంటాను, దీనికి మాత్రం రాయాలనిపించింది. ఫ్యాక్టరీ పేరు చెప్పను. మూడేళ్ల కిందట నేను రాత్రి షిఫ్టు మెయింటెనెన్స్‌లో ఉన్నాను. కోల్డ్ రూమ్ బయటి గోడకు పైపు సపోర్టు ఒకటి వెల్డ్ చేశారు. గోడ అంటే ఇటుక గోడ కాదు, రెండు పల్చటి రేకులు, మధ్యలో నాలుగు అంగుళాల పఫ్, అంటే చలి బయటికి పోకుండా నింపే ప్లాస్టిక్ నురగ. చూడటానికి ఇనుపగోడ లాగే ఉంటుంది, వెల్డర్‌కు ఏం తెలుసు, బయటనుంచి వచ్చినవాడు. సాయంత్రం 5.30కి పని అయింది, వాళ్లు వెళ్లిపోయారు. నేను 8 గంటలకు రౌండ్‌కు వెళ్తే ఏదో వాసన. కాలిన వాసన కాదు, చేదుగా, గొంతులో పట్టుకునే వాసన. మోటారు వైండింగ్ పోతోందేమో అనుకుని మోటార్లన్నీ తడుముకుంటూ తిరిగాను. చివరికి గోడ మీద ఆనుకుని నిలబడితే తెలిసింది. కోల్డ్ రూమ్ గోడ ఎప్పుడూ చల్లగా ఉంటుంది కదా, అది వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు లాగా. వెల్డ్ పక్కన బొట్టుబిళ్ల అంత నీలం మచ్చ తప్ప బయట ఏమీ లేదు. రేకు కోసి చూస్తే లోపల పిల్లి దూరేంత నల్లటి గూడు. గాలి తగలగానే గుప్పుమంది. ముందే ఎక్స్‌టింగ్విషర్లు, నీళ్ల పైపు పెట్టుకుని కోశాం కాబట్టి బతికాం. లేకపోతే పైన సీలింగ్ అంతా అదే పఫ్.

రాడ్డు_రేణిగుంట:
తమ్ముడూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కానీ ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. 5.30కి పని అయితే 8కి తెలిసింది. అంటే గంట కాపలా ఉన్నా 6.30కి వెళ్లిపోయేవాడే కదా? నీ కథ నా వైపే మాట్లాడుతోంది.

సేఫ్టీ_సత్యవేడు:
మంచి ప్రశ్న. గంట నిలబడిన మనిషి గోడ మీద చేయి పెట్టి ఉంటే 6.15కే తెలిసేదేమో, అది ఊహ, పక్కన పెడదాం. అసలు తప్పు కాపలా తక్కువ కావడం కాదు, ఆ గోడ మీద వెల్డింగ్ చేయడం. అక్కడ వేయాల్సింది బోల్టు, లేదా నేలమీద నుంచి స్టాండు నిలపాలి. పర్మిట్ కాగితంలో మొదటి ప్రశ్న అదే ఉండాలి, ఈ పని నిప్పు లేకుండా అవుతుందా అని. అవుతుందంటే పర్మిటే అక్కర్లేదు. చాలాచోట్ల ఆ ప్రశ్నకు అందరూ కళ్లు మూసుకుని టిక్ కొట్టేస్తారు.

1996లో జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో జరిగింది ఇదే. పైన రోడ్డు మీద వెల్డింగ్, కింద టెర్మినల్ సీలింగులో థర్మోకోల్ జాతి ఇన్సులేషన్. పైవాడికి కింద ఏముందో తెలియదు. 17 మంది చనిపోయారు. గంట చాలని చోట ఆ తర్వాత కూడా కొన్ని గంటలపాటు రౌండ్లు వేయించాలి. రౌండ్ల పని మీ హెల్పర్‌ది కాదు, ఫ్యాక్టరీది.

పాత_వర్క్‌షాప్:
నాకు 67 ఏళ్లు, తిరుపతిలో ఉంటాను, బయట ఫిట్టర్‌గా 30 ఏళ్లు చేశాను. మీరంతా రవ్వల గురించి మాట్లాడుతున్నారు, నేను డ్రమ్ము గురించి చెబుతాను. ఖాళీ డ్రమ్ము గ్యాస్‌తో కోసి నీళ్లతొట్టి చేసుకుందామని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. థిన్నర్ డ్రమ్ము, డీజిల్ డ్రమ్ము. ఖాళీదే కదా అంటారు. నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్మే యముడు, లోపల ఆవిరీ గాలీ కలిసి సరిగ్గా పేలడానికి కావలసిన పాళ్లలో ఉంటాయి. నా కళ్లముందు ఒక మూత లేచి షెడ్డు రేకును చీల్చుకుని పోయింది. కోసేవాడు పక్కకు వంగి హోస్ సర్దుకుంటున్నాడు కాబట్టి తల మిగిలింది. అందుకే 2025 నవంబరు దాకా నడిచిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, 37వ సెక్షన్లో, మండే సరుకు ఉన్న, ఇంతకుముందు ఎప్పుడైనా ఉండిన ట్యాంకునూ పాత్రనూ, లోపలి సరుకూ ఆవిరీ తీసేయకుండా, లేదా అంటుకోకుండా చేయకుండా వెల్డింగ్, కటింగ్ చేయకూడదని రాశారు. ఎప్పుడైనా ఉండిన, ఆ మాట చూడండి. ఇది అమెరికా రూలు కాదు నాయనా.

గ్రానైట్_మామ:
పెద్దాయనా, దండం. అందరూ నన్ను చూస్తున్నట్టుంది ఇక్కడ. నిజం చెప్పాలంటే మా దగ్గర కూడా స్టోర్ రూమ్ ఉంది. స్లాబుల పగుళ్లు నింపే రెసిన్, హార్డెనర్, థిన్నర్ డబ్బాలు. పాలిషింగ్ లైనుకు ఒక గోడ అవతల.

కోల్డ్‌రూమ్_కుర్రోడు:
ఆ గోడకు కన్నాలు ఉన్నాయా మామా?

గ్రానైట్_మామ:
కేబుల్ పోవడానికి ఒకటి. రేపు సిమెంటు పెట్టిస్తాలే, వదిలెయ్.

రాడ్డు_రేణిగుంట:
సరే. నా మొదటి పోస్టులో సగం వెనక్కి తీసుకుంటున్నాను. కాపలా ఉండాలి. కానీ ఇంత చదివాక నాకు తట్టింది చెబుతాను, ఇది మాత్రం వెనక్కి తీసుకోను. ఆ కాపలా మనిషి నా హెల్పర్ ఎందుకు కావాలి? వాడిది శ్రీకాళహస్తి, ఆ ఫ్యాక్టరీలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. గోడ వెనక అట్టపెట్టెలు ఉన్నాయో, పఫ్ ఉందో, రెసిన్ ఉందో వాడికి తెలుసా? ఫైర్ పాయింట్ ఎటు ఉంది, అలారం బటన్ ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి, ఏమీ తెలియదు. వాడిని గంట నిలబెట్టారంటే నిప్పు కోసం కాదు, రిజిస్టర్‌లో గడి నింపడం కోసం. అక్కడ నిలబడాల్సింది ఆ ఫ్యాక్టరీ మనిషి. గోడ అవతల ఏముందో తెలిసినవాడు. అతని జీతం ఎటూ ఫ్యాక్టరీ ఇస్తుంది కాబట్టి కూలి గొడవ కూడా పోతుంది.

షెడ్డు_యజమాని_చిత్తూరు:
చెప్పడానికి బాగుంది అన్నా, నాకున్నది మొత్తం 14 మంది. సీజన్ ముందు ఒక్కొక్కడి చేతిలో రెండు పనులు. వాళ్లలో ఒకడిని తీసి గంట ఊరికే నిలబెట్టాలా? పైగా పని మీది, రవ్వ మీది, లాభం మీది. ఇంకో మాట కూడా అడుగుతాను, మీ ట్రాలీలో కటింగ్ సెట్‌కు తగిలించుకునే సిలిండర్ ఏ రంగు? మొన్న మా దగ్గరికి వచ్చినాయన ఇంట్లో వంటకు వాడే ఎర్ర సిలిండర్ తెచ్చాడు. మంట గొట్టంలోకి వెనక్కి పోకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ ఏదంటే అదేంది అన్నాడు. అలాంటివాళ్లను లోపలికి రానిస్తూ కాపలా కూడా నేనే పెట్టాలంటే ఎట్లా?

రాడ్డు_రేణిగుంట:
నాది డీఏ సిలిండరే, అంటే ఎసిటిలీన్ గ్యాస్‌ది, మెరూన్ రంగు, అరెస్టర్లు కూడా ఉన్నాయి, ఫొటో పెట్టమంటే పెడతాను. ఎర్ర సిలిండర్ తెచ్చేవాడిని మీరు గేటు దగ్గరే తిప్పి పంపండి, నేను చప్పట్లు కొడతాను. వాడు రేటు తగ్గించి నా పని కూడా కొట్టేస్తున్నాడు.

సేఫ్టీ_సత్యవేడు:
మీరిద్దరూ సగం సగం కరెక్టు. వెల్డింగ్ జరుగుతున్నప్పుడు వెల్డర్ కాపలా కాయలేడు. హెల్మెట్ దించాక వాడికి కనిపించేది ఆర్క్ ఒక్కటే, వెనక కొంప అంటుకున్నా తెలియదు. కాబట్టి పని నడిచేటప్పుడు పక్కన బక్కెట్, ఎక్స్‌టింగ్విషర్‌తో ఒకడు ఉండాలి, అది కాంట్రాక్టర్ హెల్పరే కావచ్చు, రవ్వ ఎటు పోతుందో వాడికే బాగా తెలుసు. పని అయ్యాక ఆ గంట మాత్రం ఫ్యాక్టరీ మనిషే. మా దగ్గర అలాగే చేస్తాం, పర్మిట్ మీద ఇద్దరి పేర్లూ వేరువేరుగా రాస్తాం, ఎన్నింటికి అప్పగించారో టైముతో సహా. 14 మందిలో ఒకడు దొరకడంటే ఆ రోజు చేయాల్సిన చిన్నచిన్న వెల్డింగులన్నీ ఒకేపూట పెట్టుకోండి, మధ్యాహ్నం లోపే. అన్నిటికీ కలిపి చివర ఒకే గంట. సాయంత్రం షట్టర్ దించే ముందు వెల్డింగ్ చేయించడం మాత్రం మానేయండి, ఎక్కువ భయపడాల్సింది దానికే. అందరూ ఇంటికి పోయే వేళకు దాలి అంటించినట్టు.

షెడ్డు_యజమాని_చిత్తూరు:
ఒకేపూట అనే మాట బాగుంది. నాకు ఏడు చోట్ల పని ఉంది, మూడు నెలలుగా ఒక్కొక్కటీ ఒక్కోరోజు చేయిస్తున్నాను. రేణిగుంట అన్నా, బుధవారం ఖాళీయా? పొద్దున 8కి మొదలుపెడితే ఒంటిగంటకు ముగించాలి. తర్వాత గంట మా స్టోర్ కీపర్ నిలబడతాడు, ఆయనకు ప్రతి మూలా తెలుసు. మీ హెల్పర్‌కు పని జరిగినంతసేపు బక్కెట్ డ్యూటీ, దానికి విడిగా 300 ఇస్తాను, బ్రాకెట్ రేటులో కలపొద్దు.

రాడ్డు_రేణిగుంట:
400 చేయండి, వస్తాను. ఇంకొకటి, ఆ ఏడు చోట్లలో కోల్డ్ రూమ్ గోడ ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, దానికి డ్రిల్లు, బోల్టులు తెస్తాను.

షెడ్డు_యజమాని_చిత్తూరు:
350. గోడ ఒకటి ఉంది. బోల్టులు తీసుకురా.