సౌత్ పాడ్రే వనభోజనాలు: తిరుగు దారిలోని సరీటా చెక్‌పోస్టు గురించి

రవాణా బాధ్యుడు:

కార్యకర్తలందరికీ నమస్కారం. ఈ కార్తీక వనభోజనాలను హ్యూస్టన్ పార్కుల్లో కాకుండా టెక్సస్ దక్షిణ కొసన, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న సౌత్ పాడ్రే ద్వీపంలో జరపాలని మన తెలుగు సంఘం కార్యవర్గం నిర్ణయించినందున, మన రవాణా ఏర్పాట్లలో ఇంతవరకు అవసరం పడని ఒక విషయాన్ని ముందుగానే తేల్చుకోవలసి వచ్చింది. విక్టోరియా, కింగ్స్‌విల్ మీదుగా 77వ నంబరు హైవేలో కిందికి వెళ్ళేటప్పుడు మనల్ని ఎవరూ ఆపరు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కెనడీ కౌంటీలో, సరీటా ఊరికి దక్షిణాన, ఉత్తరానికి వెళ్ళే వాహనాలన్నీ బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు గస్తీ దళం) వారి ఇమిగ్రేషన్ చెక్‌పోస్టులోకి మళ్ళాలి. దానికి ఇప్పుడు హావియర్ వేగా జూనియర్ అనే బోర్డర్ పెట్రోల్ ఏజెంటు పేరు పెట్టారు కానీ, అందరూ సరీటా చెక్‌పోస్టు అనే అంటారు.

వేరే దారి పట్టుకుందామన్న సూచన ఇప్పటికే ఇద్దరు ముగ్గురి నుంచి వచ్చింది. 281వ హైవే మీద వస్తే ఫాల్‌ఫ్యూరియస్ దగ్గర ఇలాంటిదే ఇంకొకటి ఉంది. విమానంలో వచ్చినా ఆ ప్రాంతపు విమానాశ్రయాల్లో బోర్డర్ పెట్రోల్ వారు ఉంటారు. హోసే ఆంటోనియో వార్గాస్ అనే ప్రముఖ పాత్రికేయుడిని 2014లో మెకాలెన్ విమానాశ్రయంలోనే నిర్బంధించారు. కనుక దారి మార్చే ఆలోచన మానుకుని, ఆ చెక్‌పోస్టు దగ్గర చట్టం ఏమి చెబుతోందో, మనం ఏమి చేయాలో చూద్దాం.

సరిహద్దు నుంచి 100 మైళ్ళ లోపు వాహనాలను తనిఖీ చేసే అధికారం ఫెడరల్ చట్టం, దాని కింది నిబంధనలు బోర్డర్ పెట్రోల్‌కు ఇచ్చాయి. సముద్ర తీరం కూడా సరిహద్దు కిందికే వస్తుంది కాబట్టి మన హ్యూస్టన్ కూడా ఆ 100 మైళ్ళలోనే ఉంది. అంతమాత్రాన ఈ పరిధిలో రాజ్యాంగ హక్కులు లేవని అనుకోనక్కరలేదు. వాట్సాప్‌లో అలా తిరుగుతున్న సందేశాన్ని దయచేసి ఇంకొకరికి పంపవద్దు. 1976లో మార్టినెజ్-ఫ్యూయెర్టే కేసులో సుప్రీంకోర్టు, శాశ్వత చెక్‌పోస్టుల్లో ప్రత్యేకమైన అనుమానం ఏదీ లేకుండానే వాహనాన్ని ఆపి కొద్దిసేపు ప్రశ్నించవచ్చని, అవసరమనుకుంటే రెండో తనిఖీ కోసం పక్కకు పంపవచ్చని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో కలిపి విచారించిన కేసుల్లో ఒకటి మనం దాటబోయే ఈ సరీటా చెక్‌పోస్టు నుంచి వచ్చినదే. అంటే అక్కడ ఆగడం విషయంలో మనకు వాదన లేదు.

ఆపడం వేరు, సోదా చేయడం వేరు. అంతకు ఏడాది ముందు, 1975లో, ఓర్టిజ్ కేసులో అదే కోర్టు, చెక్‌పోస్టు దగ్గర వాహనాన్ని సోదా చేయాలంటే నేరం జరిగిందని నమ్మడానికి తగిన ఆధారమైనా ఉండాలి, లేదా మన అంగీకారమైనా ఉండాలి అని చెప్పింది. కిటికీలోంచి కంటికి కనిపించేవన్నీ వారు చూడవచ్చు. వాహనం చుట్టూ జాగిలాన్ని తిప్పవచ్చు. అది వాసన పట్టినట్టు సూచిస్తే వారికి ఆధారం దొరికినట్టే. కానీ "డిక్కీ ఒకసారి చూడవచ్చా?" అని అడిగారంటే అది అనుమతి కోరడమే. ఇష్టం లేకపోతే, "సోదాకు నేను అంగీకరించడం లేదండీ" అని మర్యాదగా చెప్పే హక్కు డ్రైవరుకు ఉంది. అలా చెప్పినా వారు డిక్కీ తెరిస్తే చేత్తో అడ్డుకోకూడదు. మాటతో నిరాకరించి ఊరుకుంటే, ఆ అభ్యంతరం తరువాత న్యాయస్థానంలో పనికొస్తుంది.

ఎంతసేపు ఆపవచ్చన్న దానికి కూడా హద్దు ఉంది. టెక్సస్‌కు వర్తించే ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2001లో మచూకా-బరేరా కేసులో, వాహనంలోని వారి ఇమిగ్రేషన్ హోదా తెలుసుకోవడానికి సహేతుకంగా ఎంత సమయం పడుతుందో అంతవరకే ఆపాలని, అంతకు మించితే అంగీకారమో, అనుమానానికి తగిన కారణమో ఉండాలని చెప్పింది. "నేను ఇక వెళ్ళవచ్చా?" అన్న ప్రశ్న అందుకే ముఖ్యం. గొంతు పెంచకుండా దాన్ని ఎన్నిసార్లయినా అడగవచ్చు.

సభ్యత్వ బృందం:

రవాణా బృందానికి ధన్యవాదాలు. మా వైపు నుంచి రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. మొదటిది, నమోదు ఫారంలోనే ప్రతి ఒక్కరి వీసా వివరాలు, పాస్‌పోర్టు నకలు తీసుకుని ఒక ఉమ్మడి ఫోల్డరులో ఉంచితే, ఎవరైనా కాగితాలు మరచినా మనం సాయపడగలం. రెండోది, అద్దె వ్యాన్లన్నిటినీ అమెరికా పౌరులైన సభ్యులకే అప్పగించి, చెక్‌పోస్టు దగ్గర వారే అందరి తరపున మాట్లాడేటట్టు చేస్తే పని త్వరగా ముగుస్తుంది.

రవాణా బాధ్యుడు:

సదుద్దేశంతో చేసిన ప్రతిపాదనలే అయినా, ఈ రెండింటినీ నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

మూడు వందల మంది హోదా వివరాలు ఒకే చోట పెట్టుకునే అధికారం గానీ, వాటిని కాపాడే ఏర్పాటు గానీ మన సంఘానికి లేవు. ఎవరి హోదా ఏమిటో మనకు తెలియనవసరం లేదు. పిక్నిక్‌కు టికెట్టు కొన్న మనిషి తన ఇమిగ్రేషన్ సంగతులు సంఘం కార్యదర్శికి ఎందుకు చెప్పాలి? అంతకంటే ముఖ్యమైన పని ఒకటి ఉంది. తిరుగు ప్రయాణంలో ఇమిగ్రేషన్ చెక్‌పోస్టు ఉన్నదన్న మాటను నమోదు పేజీ పైభాగంలోనే, డబ్బు కట్టకముందే కనిపించేటట్టు రాయాలి. విద్యార్థి రికార్డు రద్దయినవారు, ఇక్కడ ఉండే గడువు పొడిగింపు తిరస్కరణకు గురైనవారు, దరఖాస్తు ఇంకా తేలనివారు మన మధ్య ఉండవచ్చు. వారు ఎవరికీ చెప్పకుండానే రావాలో వద్దో తేల్చుకోగలగాలి. ఈ సమాచారం చూశాక మనసు మార్చుకున్నవారికి, కారణం అడగకుండా పూర్తి సొమ్ము వాపసు ఇవ్వాలని కోశాధికారిని కోరుతున్నాను.

ఇక డ్రైవరు అందరి తరపున మాట్లాడడం. ఇది ఈ ప్రయాణంలో మనం చేయగలిగే అతి ప్రమాదకరమైన పని. పైన చెప్పిన సరీటా కేసులో వాహనం నడిపిన వ్యక్తి స్వయంగా అమెరికా పౌరుడే; కారులోని నలుగురు ప్రయాణికులు అనుమతి లేకుండా దేశంలో ఉన్నారని తేలడంతో అతనిమీద కేసు నడిచింది. చట్టవిరుద్ధంగా ఉన్నారని తెలిసి, లేదా తెలిసే అవకాశం ఉన్నా పట్టించుకోకుండా, ఆ ఉల్లంఘనకు తోడ్పడే విధంగా తరలించడం ఫెడరల్ నేరం. మన వనభోజనాల వ్యాను అటువంటి కేసు కాదనే నా అభిప్రాయం. అయినా తనకు తెలియని విషయాన్ని తెలిసినట్టు ఏజెంటుకు చెప్పే డ్రైవరు అనవసరంగా చిక్కుల్లో పడతాడు, ఎందుకంటే ఫెడరల్ అధికారికి తెలిసి అబద్ధం చెప్పడమే 5 ఏళ్ళ వరకు జైలు శిక్ష పడగల నేరం. "అందరం సిటిజన్లమే" అన్న మాట మన డ్రైవర్ల నోట రాకూడదు. ప్రతివారూ తమ గురించి తామే జవాబు చెబుతారు. ఎవరైనా మౌనంగా ఉండదలిస్తే అది వారి హక్కు. డ్రైవరుకూ, ప్రయాణికులకూ ఆ హక్కు సమానమే. మౌనంగా ఉంటే పక్కకు పంపి మరికొంతసేపు ఆపే అవకాశం ఉంటుందని కూడా నిజాయితీగా చెప్పాలి. చేతిలో సరైన కాగితాలున్నవారు చూపించి ముందుకు సాగడమే మేలని నా సలహా, కాని అది సలహా మాత్రమే.

పెద్దవారి ఏర్పాట్లు చూసే కార్యకర్త:

పై మాటకు అనుబంధంగా ఒక విషయం రాయకుండా ఉండలేకపోతున్నాను. ఈసారి ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఎక్కువమందే ఉంటారు. నల్ల కళ్ళద్దాల ఏజెంటు కిటికీలోకి వంగి, వేగమైన అమెరికన్ యాసలో "యూఎస్ సిటిజన్స్?" అని అడుగుతాడు. మన పెద్దవారికి ప్రశ్న అర్థం కాకపోయినా, ఎదుటివారిని నొప్పించకూడదన్న అలవాటుతో చిరునవ్వు నవ్వి "యస్, యస్" అంటారు, లేదా తల ఊపుతారు. మన తల ఊపుడు అవునో కాదో మనకే ఒక్కోసారి తెలియదు; ఏజెంటు మాత్రం దాన్ని అవుననే తీసుకుంటాడు.

పౌరుడు కానివారు పౌరుడినని చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో అత్యంత కఠినమైన తప్పుల్లో ఒకటి. దానివల్ల గ్రీన్ కార్డు దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు, మినహాయింపు కోరే అవకాశం కూడా దాదాపు ఉండదు. కొడుకు పౌరసత్వం తీసుకుని తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు దరఖాస్తు చేద్దామనుకుంటున్న ఇళ్ళకు ఇది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల పెద్దవారిని అపరిచితుల వ్యాన్లలో కాక సొంత పిల్లల కారులోనే కూర్చోబెట్టాలని, "ఇండియన్ సిటిజన్, విజిటర్ వీసా" అన్న నాలుగు మాటలే వారిచేత ముందుగా సాధన చేయించాలని కోరుతున్నాను. పొరపాటున "యస్" అన్నా, కుటుంబ సభ్యులు అక్కడికక్కడే, కారు కదలకముందే సరిదిద్దాలి. తెలుగులో మాట్లాడి ఇంగ్లీషులో వివరించడానికి ఏ అభ్యంతరమూ లేదు.

విద్యార్థుల సమన్వయకర్త:

కాగితాల గురించి మా పిల్లల నుంచి ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి నాకు తెలిసినంతలో స్పష్టం చేస్తాను. 18 ఏళ్ళు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రాన్ని ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోని నిబంధన; ఉల్లంఘిస్తే జరిమానాతో పాటు 30 రోజుల వరకు జైలు శిక్ష కూడా రాసి ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ కార్డే ఆ పత్రం. మిగతావారికి ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ నమోదు పత్రం), లేదా పని అనుమతి కార్డు. విద్యార్థులు ఐ-94తో పాటు పాస్‌పోర్టు, ఐ-20 (విద్యాసంస్థ ఇచ్చే అర్హత పత్రం) తెచ్చుకోవాలి. హెచ్-1బి (ఉద్యోగ వీసా), హెచ్-4 (వారి కుటుంబ సభ్యుల వీసా) వారు ఒక్క విషయం గమనించాలి: ఇక్కడే ఉండి పొడిగింపు పొందినవారి కొత్త ఐ-94 ఆమోద పత్రం ఐ-797ఎ అడుగుభాగంలో అచ్చయి ఉంటుంది. విమానాశ్రయంలో ఇచ్చిన పాత తేదీ ఉన్న ఐ-94ను మాత్రమే చూపితే, గడువు దాటి ఉంటున్నారన్న అపోహ కలుగుతుంది. పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరినంత మాత్రాన భయపడనవసరం లేదు, ఇక్కడ ఉండే గడువును చెప్పేది ఐ-94. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు హోదాకు రుజువు కాదు.

అమెరికా పౌరులు పౌరసత్వ రుజువు వెంట ఉంచుకోవాలన్న చట్టం లేదు. అయినా పర్సులో పట్టే పాస్‌పోర్టు కార్డు ఉంటే మాట త్వరగా తేలిపోతుంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారి కార్డు) తెస్తామన్నవారికి ఒక మనవి: అది భారత ప్రభుత్వం ఇచ్చినది, ఇక్కడ దానితో పని లేదు.

ఫోను లాక్ తీసి చూపమంటే నిరాకరించవచ్చు. అరెస్టయిన మనిషి ఫోను చూడడానికి కూడా వారంటు కావాలని 2014లో రైలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, సరీటా చెక్‌పోస్టు దేశ సరిహద్దు కూడా కాదు. కానీ బ్రౌన్స్‌విల్ వంతెన దాటి మెక్సికోలోని మటమోరోస్‌లో సరదాగా ఒక పూట గడిపి వద్దామనుకునేవారు ఉంటే, వారికి ఈ రాతలోని ఏ మాటా వర్తించదు; సరిహద్దు మీద అధికారులకు ఉండే అధికారాలు వేరు, వీసా ముద్ర గడువు కూడా అప్పుడు ముఖ్యమవుతుంది. సంఘం ప్రయాణంలో భాగంగా ఎవరూ వంతెన దాటకూడదని కార్యవర్గం రాతపూర్వకంగా ప్రకటించాలి.

గంజాయి కలిసిన గమ్మీలు, వేపులు ఏ రాష్ట్రంలో కొన్నా సరే, ఈ ప్రయాణంలో తేవద్దు. అక్కడ నడిచేది ఫెడరల్ చట్టం, వీసా మీద ఉన్నవారికి దాని ఫలితం జరిమానాతో ఆగదు.

వంటల బృందం:

ఇంగువ వాసనకు జాగిలం ఆగుతుందేమోనని ఒకరు అడిగారు, ఆగదనే అనుకుంటున్నాం. అయినా పొడులు, విభూతి, పెద్దవారి మందులు గుర్తులేని కవర్లలో కాక అసలు డబ్బాల్లోనే ఉంచుతాం. ఖాళీ గిన్నెలు, కూలర్లు డిక్కీలో పెడతాం. వెనుక సీట్లలో దుప్పట్ల కింద ఏదీ కప్పి ఉంచవద్దని అందరికీ చెప్పండి, కిటికీలోంచి మనుషులందరూ స్పష్టంగా కనిపించాలి.

రవాణా బాధ్యుడు:

అందరి సూచనలు చూశాను. డ్రైవర్లకు చివరి మాట. చెక్‌పోస్టు దీపాలు కనిపించాక వెనక్కి మళ్ళడం, పక్కనున్న పశువుల రాంచ్‌ల రోడ్లలోకి తిరగడం వంటివి చేయవద్దు. అవే అనుమానానికి కారణమవుతాయి, ఆపినప్పుడు వేగంగా పారిపోవడం ప్రత్యేకంగా ఒక ఫెడరల్ నేరం. కార్లు ఒకదాని వెనుక ఒకటిగా రావలసిన పని లేదు. ఒక కారును పక్కకు పంపితే మిగతావారు అక్కడ గుమిగూడకుండా ఉత్తరాన రివియెరా వరకు వచ్చి, ఫోను కోసం వేచి ఉండాలి. రేమండ్‌విల్ దాటాక రివియెరా దాకా సుమారు 60 మైళ్ళు పెట్రోలు బంకులు లేవు కాబట్టి, పెట్రోలు, పిల్లల అవసరాలు ముందే చూసుకోవాలి.

నమోదు తెరవకముందే ఒక ఇమిగ్రేషన్ న్యాయవాదిచేత జూమ్‌లో అందరి ప్రశ్నలకూ జవాబులు చెప్పించే పని నేను తీసుకుంటున్నాను. వ్యాన్ల డ్రైవర్ల బాధ్యత గురించిన ప్రశ్నను మొదట ఆయన ముందే పెడతాను. న్యాయవాది ఫోను నంబరును ప్రతి డ్రైవరూ కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే కెనడీ కౌంటీలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. పెద్దవారి కోసం పెద్ద అక్షరాల్లో తెలుగు పత్రం ఎవరు తయారు చేస్తారో ఈ ఆదివారంలోగా ఇక్కడే తెలియజేయగలరు. నమోదు పేజీలోని హెచ్చరిక వాక్యం ముసాయిదాను సభ్యత్వ బృందం వారు రాసి పెడితే, న్యాయవాదికి అదీ చూపిస్తాను.